పొడిగా పట్టిన రాయి

గుంటూరు జిల్లా నల్లరేగడి పొలాల్లో కాకిని అదిలించడానికి కూడా రాయి దొరకదు. మట్టిబెడ్డే విసరాలి. అలాంటి నేల మీదికి రాళ్ళ పని మీద వెళ్తున్నానంటే మా రాజమండ్రిలో స్నేహితులు నవ్వారు. నేనూ నవ్వుతూనే రైలెక్కాను. ఆ వైపు వెళ్ళనివాళ్ళకి అక్కడి ఊళ్ళు, మనుషులు, తిండి ఎలా ఉంటాయో చెబుదామనే ఈ నాలుగు కాగితాలు మొదలుపెట్టాను. అయితే వెళ్ళి చూసి రండి అని చివర్లో ఎవరికీ చెప్పలేను. నేను చూసొచ్చింది అలాంటిది.

ముందు నా పిచ్చి సంగతి చెప్పాలి. నేను హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. సాయంత్రం బడి వదిలాక రాళ్ళు కోసి సానపడతాను. గోదావరి ఇసుకలోనూ కృష్ణ ఒడ్డు గులకల్లోనూ అకీకు రాళ్ళు దొరుకుతాయి. ఉంగరాల్లో పొదిగేవాళ్ళు కొందరు సులేమాని అంటారు. పైకి చూస్తే మట్టి అంటిన బంగాళాదుంప. ఇనుప తీగ కట్టిన విల్లుతో, తడిపిన కురువిందం పొడి వేసుకుంటూ ఓపిగ్గా కోస్తే లోపల తెలుపు, తేనెరంగు, బూడిదరంగు గీతలు పొరలు పొరలుగా బయటపడతాయి. ఆ బిళ్ళను లక్కతో పుల్లకు అంటించి సానచక్రం మీద పట్టి, ఆఖరున తోలు మీద రుద్దితే మెరుపు వస్తుంది. మా అత్తగారి పాత కుట్టుమిషను తొక్కుడుకి చక్రం బిగించుకున్నాను. పైన చిల్లు పెట్టిన డబ్బా ఒకటి వేలాడుతూ చక్రం మీద చుక్క చుక్క నీళ్ళు వదులుతుంది.

కోటయ్యగారు నాకు పరిచయమైంది ఎనిమిదేళ్ళ కిందట, అమరావతి దగ్గర కృష్ణ ఒడ్డున. నేను వంగి గులకలు ఏరుతుంటే, పంచె ఎగగట్టుకున్న ఒక రైతు వచ్చి, "ఏవన్నా పారేసుకున్నారా అండీ?" అని అడిగాడు. జేబులోంచి సానపట్టిన రాయి తీసి చూపించాను. ఎండకి పట్టి అటూ ఇటూ తిప్పాడు. ఇక ఆ పూట నాతోనే వంగి ఏరాడు. మార్టూరు దగ్గర ఆయనకి మిరప, పత్తి చేలున్నాయి. తీర్థానికి వచ్చిన మనిషి తువ్వాలు నిండా రాళ్ళు మూటగట్టుకుని వెళ్ళాడు. తర్వాత నెలకో ఉత్తరం రాసేవాడు. చక్రం ఎలా బిగించాలి, లక్క ఎంత వేడి చెయ్యాలి అని ఆయన అడిగితే నేను జవాబు రాసేవాణ్ణి. ఏడాదికి రెండుసార్లు పార్శిల్లో ఆయన సానపట్టిన రాయి వచ్చేది. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆయన చేతి పని నా పనిని మించిపోయింది.

ఈ ఫాల్గుణంలో వచ్చిన కార్డు ఆయన రాసింది కాదు. భార్య ఆదిలక్ష్మమ్మ ఎవరిచేతనో రాయించింది. "మీ స్నేహితుడికి ఏడాదిన్నరగా దగ్గు. మనిషి సగమయ్యాడు. ఆస్పత్రికి రమ్మంటే రాడు. మీ మాటయితే వింటాడు. ఒకసారి రండి."

ఉగాది సెలవులకి రెండు రోజులు కలుపుకుని బయల్దేరాను. ఆయన కోసం సంచిలో రెండు శేర్ల బరువుండే కోయని అకీకు రాయి ఒకటి పెట్టుకున్నాను. రోగిని చూడబోతూ పళ్ళు తీసుకెళ్తారు, నేను రాయి తీసుకెళ్ళాను.

గుంటూరు

గుంటూరు మొదట ముక్కుకి తెలుస్తుంది. స్టేషను దాటి రెండు వీధులు నడిచానో లేదో తుమ్ములు మొదలయ్యాయి. మిర్చి కొట్ల ముందు బస్తాలు గుమ్మాలంత ఎత్తున పేర్చి ఉన్నాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. ముక్కుకి అడ్డంగా పైట కట్టుకున్నారు, అంతే. వీధిలో పోయేవాళ్ళు మామూలుగా మాట్లాడుకుంటూ పోతున్నారు. నేనొక్కణ్ణే దగ్గి దగ్గి ఒక కొట్టు అరుగు మీద కూలబడ్డాను. కళ్ళు తుడుచుకుందామంటే చేతికీ కారమే.

కాయలు ఏరే ఒక ముసలామె నన్ను చూసి, "కొత్తవాళ్ళు గదా! మూడు రోజులుంటే మీకూ తెలవదు. అది దగ్గు కాదయ్యా, మా ఊరి పలకరింపు" అంది. పక్కనున్నవాళ్ళంతా నవ్వారు.

"మీకు ఏమీ చెయ్యదా అమ్మా?"

"ఎందుకు చెయ్యదు? ఇంటికి పోయి పిల్లోణ్ణి ఎత్తుకుంటే వాడు ఏడుస్తాడు. ఒళ్ళంతా మంటేగా."

నాకెందుకో ప్రాణం కుదుటపడింది. కోటయ్యగారి దగ్గు కూడా ఇదే అయివుంటుంది అనుకున్నాను. మిరప రైతుకి దగ్గు రాక మరేమొస్తుంది! హోటల్లో రెండు ఇడ్లీ, కాఫీ కలిపి ఐదణాలు. నయాపైసలు వచ్చి ఇన్నాళ్ళయినా అక్కడా అణాల లెక్కే. ఇడ్లీ మీద పోసిన కారప్పొడి, నెయ్యి మాత్రం మా వైపు పెళ్ళిళ్ళలో కూడా అంత ధారాళంగా పొయ్యరు. తింటుంటే చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి.

చిలకలూరిపేట

బస్సు చిలకలూరిపేట చేరేలోపల రెండుసార్లు ఆగింది. మొదట రేడియేటరులో నీళ్ళు అయిపోయాయి. రెండోసారి టైరు పేలింది. నీళ్ళు అయిపోయినప్పుడు కండక్టరు డబ్బా పట్టుకుని పక్క చేలోకి వెళ్ళి, ఖాళీ డబ్బాతోనే తిరిగొచ్చాడు. చివరికి ప్రయాణికుల కూజాల్లో నీళ్ళే పోశారు. ఎటు చూసినా దున్నిన నల్లనేల పగుళ్ళు విచ్చి ఉంది. ఆ పగుళ్ళలో నా చెయ్యి మోచేతి దాకా దిగింది.

పేటలో భోజనం ముప్పావలా. గోంగూర, ఎండుమిరపకాయలు వేసి దంచిన కందిపచ్చడి, చిక్కటి గడ్డపెరుగు. అన్నం ఎంత కావాలంటే అంత పెట్టారు. నీళ్ళ దగ్గరే తేడా. మా వైపు ఆకు ముందు కూర్చోగానే చెంబెడు నీళ్ళు పెడతారు, అడిగే పని ఉండదు. ఇక్కడ వడ్డించేవాడు, "తాగే నీళ్ళా, చేతులకా?" అని అడిగి రెండు వేరువేరు బిందెల్లోంచి ముంచి పోశాడు. చేతులు కడుక్కునేవి నోట పోసుకుంటే ఉప్పు. తాగే నీళ్ళు ఎడ్లబండి మీద పీపాల్లో వస్తాయట. బిందె బేడ, అంటే రెండణాలు, ఎండాకాలం ముదిరితే పావలా.

తిరిగి ఎక్కాక నా పక్కన కూర్చున్న పెద్దాయన పత్తి రైతు. నా సంచి ఆయన కాలికి తగిలింది.

"ఏందండీ ఇంత బరువు? బెల్లమా?"

"గోదావరి రాయండీ."

"గోదారి నుంచి మాకు రాయి మోసుకొచ్చారా! మార్టూరు పక్కన కొండే ఉందిగదయ్యా" అని పగలబడి నవ్వాడు. ఎవరింటికని అడిగితే చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

"రాళ్ళ కోటయ్యా? మంచోడు. మా మనవడికి ఉంగరానికి రాయి ఊరకనే ఇచ్చాడు. ఏం లాభం, క్షయ పట్టుకుంది. చూసి వచ్చెయ్యండి. ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగమాకండి."

మధ్యలో ఒకరు దిగితే పెద్దాయన ఆ సీట్లోకి మారి కూర్చున్నాడు.

మార్టూరు దాటి

ఊరి పేరు రాయను. మార్టూరు నుంచి నాలుగు మైళ్ళు బండిలో వెళ్ళాలి. దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోశారు. అంత ఎరుపు ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. సాయంత్రపు ఎండ పడి నేల కందిపోయినట్టు ఉంది. అందంగా ఉందని రాయాలి. అప్పుడు మాత్రం గుబులు పుట్టింది.

ఆదిలక్ష్మమ్మ కాళ్ళు కడుక్కోవడానికి చెంబు ఇచ్చింది. తర్వాత లోపలికి వెళ్ళి చిన్న కంచు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి నా ఎదురుగా పెట్టి, తాగుతానా లేదా అని చూస్తూ నిలబడింది. తాగాను. ఆమె మొహం కొంచెం తేలికపడింది.

"మైలున్నర పోవాలన్నయ్యగారూ ఈ నీళ్ళకి. రోజూ రెండు బిందెలు తెస్తా. ఇంట్లో బావి ఉంది గాని గొడ్లు కూడా మొహం తిప్పుకుంటాయి."

కోటయ్యగారు వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదట. నేను ఎరిగిన మనిషి ఛాతీ విశాలంగా, మెడ దున్నపోతు మెడలా ఉండేవి. ఇప్పుడు కంఠం కింద రెండు గుంటలు, మాటకీ మాటకీ మధ్య ఈలలాంటి చప్పుడు. మంచం కింద ఆయన కంచం, చెంబు విడిగా బోర్లించి ఉన్నాయి.

"వచ్చారా మాస్టారూ! సంచిలో ఏముందో చెప్పనా?" అన్నాడు. రాయి ఇచ్చాను. రెండు చేతులా పట్టుకుని చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి విన్నాడు. "లోపల బోలు లేదు. ఘనంగా ఉంది."

"మళ్ళీ రాయేనా?" అంది ఆదిలక్ష్మమ్మ గుమ్మంలోంచి.

ఆయన వినలేదు. "రండి, నా కార్ఖానా చూద్దురుగాని" అంటూ లేచాడు. పది అడుగుల దూరానికి రెండుసార్లు గోడ పట్టుకుని ఆగాడు.

అది గొడ్లచావిడి పక్కన చిన్న గది. ఒకే కిటికీ. మిరప కళ్ళం నుంచి ఘాటు వస్తుందని దానికి గోనెపట్టా కొట్టి మూసేశాడు. దీపం పెడితే తప్ప ఏమీ కనబడలేదు. కనబడ్డాక దీపం ఎత్తి పట్టుకుని గోడ వెంట నడిచాను. గోడ పొడుగునా బల్ల మీద వరసగా రాళ్ళు. తేనె గడ్డకట్టినట్టున్నవి, కన్నులా గుండ్రటి గీతలున్నవి, లోపల పచ్చటి నాచు మొలిచినట్టున్నది ఒకటి. నేను పదేళ్ళు కూర్చున్నా చెయ్యలేని పని. అమ్మింది ఒక్కటీ లేదు. అడిగినవాళ్ళకి ఇచ్చేస్తాడు.

తర్వాత మిగతాది చూశాను. చక్రం, తొక్కుడు, గూట్లో లాంతరు, పైన దూలాలు, చిలక్కొయ్యకి వేలాడుతున్న చొక్కా, అన్నింటి మీదా పిండి చల్లినట్టు తెల్లటి దుమ్ము. నేను నడిచినచోట అడుగులు పడ్డాయి. చక్రం పైన డబ్బా లేదు.

"నీళ్ళేవండీ కోటయ్యగారూ?"

"మీరే రాశారుగా మాస్టారూ" అంటూ ఆయన గూట్లోంచి ఒక రేకుపెట్టె తీశాడు. నా ఉత్తరాలన్నీ అందులో ఉన్నాయి. పైన తారీఖులు చూసుకుంటూ వెతికి ఒకటి నా చేతికిచ్చాడు. ఏడేళ్ళ నాటిది, నా చేతిరాతే. "మంచినీళ్ళకి కరువన్నారు. ఉప్పునీళ్ళు వాడితే ఇరుసు తుప్పు పడుతుంది. దానికన్నా పొడిగా పట్టడమే మేలు. వేడికి రాయి చిట్లకుండా మధ్యమధ్య ఆపుతూ ఉండండి."

ఆ వాక్యాలు మూడుసార్లు చదివాను. ఇరుసు గురించి రాశాను. రాయి గురించి రాశాను. ఆ చక్రానికి జానెడు దూరంలో మొహం పెట్టుకుని కూర్చునే మనిషి గురించి ఒక్క మాట రాయలేదు. నేనెప్పుడూ నీళ్ళు లేకుండా పట్టింది లేదు. ఒకసారి డబ్బాలో నీళ్ళయిపోతే పది నిమిషాలు పట్టానేమో. ఆ పది నిమిషాల అనుభవంతో ఏడేళ్ళకి సరిపడా సలహా ఇచ్చాను.

"రోజుకి ఎంతసేపు కూర్చుంటారు?" అన్నాను.

"సేద్యం చేసినన్నాళ్ళూ పైరు కోతకొచ్చినప్పుడు లేదు. మిగతా రోజుల్లో పొద్దున కూకుంటే ఇంటిది అన్నానికి పిలిచిందాకా. మళ్ళీ ఎండ చల్లబడిందాకా. మూడేళ్ళయి చేలు కౌలుకిచ్చాను గదా, ఇంక పనేముంది!"

అన్నంలోకి ఆదిలక్ష్మమ్మ పండుమిరప పచ్చడి, చింతకాయ పప్పు చేసింది. ఏం తిన్నానో నాకు తెలియదు. ఆయన మాత్రం తన కంచం ఒళ్ళో పెట్టుకుని దూరంగా కూర్చుని, నాచు రాయిని ఎలా కోశాడో చెబుతూనే ఉన్నాడు. మాట సగంలో దగ్గొచ్చేది. దగ్గు అయ్యాక వదిలినచోటి నుంచే అందుకునేవాడు.

పొద్దున చూస్తే నేను తెచ్చిన రాయి తిరిగి నా సంచిలో ఉంది. ఆదిలక్ష్మమ్మే పెట్టిందని తెలిసింది. ఆస్పత్రికి వెళ్దామని నేనంటే ఆయన ఒక్క మాటకే ఒప్పుకున్నాడు.

చీరాల

చీరాల చేరేసరికి వీధుల్లో నేతవాళ్ళు పడుగులు సాగదీసి ఉన్నారు. వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నీలం, పసుపు దారాలు. మగాళ్ళు కుంచెలు పట్టుకుని గంజి రాస్తూ అటూ ఇటూ నడుస్తున్నారు. రిక్షా వెళ్ళడానికి దారి లేదు. కోటయ్యగారిని దింపి ఆ పడుగుల పక్కనుంచి నడిపించుకెళ్ళాం. ఆయన ఒక పడుగు దగ్గర ఆగి, ఊపిరి తీసుకునే నెపంతో, "ఈ గీతలు చూడండి మాస్టారూ, అచ్చం మన రాయే" అన్నాడు. నేత మనిషి ఒకతను లేచి, ఏమీ అడక్కుండా తన పీట తెచ్చి వేశాడు. ఆ యాత్రలో నాకు కనబడిన మంచి అది.

ఆస్పత్రిలో ఛాతీ ఫోటో తీశారు, కళ్ళె పరీక్ష చేశారు. ఫలితం మర్నాడు వస్తుందన్నారు. సత్రంలో దిగాం. రెండోరోజు పదిగంటలకి డాక్టరు నన్నూ ఆదిలక్ష్మమ్మనీ లోపలికి పిలిచాడు. కోటయ్యగారు బయట బెంచీ మీద ఉన్నాడు.

"క్షయ కాదమ్మా" అన్నాడు డాక్టరు.

ఆమె రెండు చేతులూ జోడించింది. నవ్వింది. నేను వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. "కాదా బాబూ? అయితే కంచం కలిపెయ్యొచ్చా? మనవరాల్ని పంపమని మా అమ్మాయికి రాయొచ్చా?"

"రాయొచ్చు. అంటుకునేది కాదు" అని ఆయన నావైపు తిరిగాడు. "ఈయన రాతి క్వారీలో పనిచేశాడా? గనుల్లో?"

"లేదండీ, వ్యవసాయం" అంది ఆమె.

డాక్టరు ఫోటోని కిటికీ వెలుతురుకి పట్టుకున్నాడు. ఊపిరితిత్తుల నిండా ఆవాలు చల్లినట్టు తెల్లటి చుక్కలు. "వ్యవసాయంలో ఇది రాదే."

చెప్పక తప్పలేదు. అకీకు రాళ్ళు సానపడతాడని, నీళ్ళు లేకుండా పడతాడని, మూసిన గదిలో ఏడేళ్ళ నుంచి అని చెప్పాను. డాక్టరు ఫోటో బల్ల మీద పెట్టేశాడు. లోపలికి పోయిన రాతి దుమ్ము ఇక బయటికి రాదని, మందు లేదని, ఇవాళే మానేస్తే ఉన్నది నెమ్మదిగా ముదురుతుందని చెప్పాడు. తర్వాత ఆమెను అడిగాడు: "ఆ గది ఊడ్చేది ఎవరమ్మా?"

"నేనే బాబూ."

ఆమె ఛాతీ మీద కూడా గొట్టం పెట్టి విన్నాడు. ప్రస్తుతానికి ఏమీ లేదన్నాడు.

వరండాలోకి వచ్చాక ఆమెను ఆపాను. "అమ్మా, పొడిగా పట్టమని రాసింది నేను. ఉప్పునీళ్ళయినా సరిపోయేవి. ఇరుసు తుప్పుపడితే మార్చుకోవచ్చు. నేను ఆలోచించకుండా రాశాను."

ఆదిలక్ష్మమ్మ చేతిలోని మందుల చీటీ మడిచి పట్టుకుంది.

"ఇది నాకెందుకు చెబుతున్నారన్నయ్యగారూ? మీ బరువు దించుకోవడానికా?" అంది. గొంతు పెంచలేదు. "ఇప్పుడు నేను రోజూ ఆయనకి అన్నం పెడతా, మిమ్మల్ని తలుచుకోవాలా? మిమ్మల్ని తిట్టుకుంటా కూచుంటే ఆయన్ని ఎవరు చూస్తారు? చెప్పేదేదో ఆయనకి చెప్పండి. ఆయన ఊపిరి గదా పోయింది."

ఆమె వెళ్ళి దగ్గుకి రాసిన మందు కోసం కిటికీ దగ్గర వరసలో నిలబడింది.

నేను బెంచీ మీద కోటయ్యగారి పక్కన కూర్చుని అంతా చెప్పాను. డాక్టరు చెప్పింది, నేను రాసింది, ఒకటీ దాచలేదు. చేతివేళ్ళ వైపు చూసుకుంటూ విన్నాడు. గోళ్ళ సందుల్లో ఆ తెలుపు ఇంకా ఉంది.

అంతా విని తలెత్తి అడిగాడు. "మీ చక్రం మీద నీళ్ళు పడతా ఉంటాయా?"

"పడతాయండీ."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూను."

"అట్టాగా" అన్నాడు. తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండునని కూడా చూశాను. ఆయన గోడకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పక్కనున్న మనిషి ఎవరో తెలియనట్టు ఉండిపోయాడు.

సాయంత్రం వాళ్ళ బస్సు, తర్వాత గంటకి నా రైలు. బస్టాండులో వేటపాలెం జీడిపప్పు అమ్మేవాడి దగ్గర పొట్లం కొని మనవరాలికని ఆదిలక్ష్మమ్మకి ఇచ్చాను. పుచ్చుకుంది. కోటయ్యగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టాం. డ్రైవరు ఎక్కాడు. అప్పుడు ఆయన చెయ్యి బయటికి పెట్టి నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టులో ఇంకా బలం ఉంది.

"మాస్టారూ, ఇక ఉత్తరాలు రాయమాకండి."

"సరేనండీ" అన్నాను.

"కోపం కాదు" అని దగ్గు ఆపుకుని, మళ్ళీ అందుకున్నాడు. "మీ ఉత్తరం వస్తే చదవబుద్ధవుద్ది. చదివితే చెయ్యి ఊరుకోదు."

బస్సు కదిలింది. ఆయన తనంతట తాను చెయ్యి వదలలేదు. నాలుగు అడుగులు పక్కనే నడిచి నేనే విడిపించుకున్నాను.

రైలు వచ్చేలోపల స్టేషను పక్క తపాలాఫీసులో కార్డులు కొన్నాను. ఈ పని నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు కోటయ్యగారు కాక మరో ముగ్గురున్నారు. నీళ్ళు లేకుండా పట్టవద్దని ముగ్గురికీ అక్కడే బల్ల మీద రాసి డబ్బాలో వేశాను. ఇద్దరు సరేనని జవాబిచ్చారు. మూడోవాడి కార్డు, ఆ చిరునామాలో మనిషి లేడని తిరిగొచ్చింది. అతను ఎక్కడికి మారాడో నాకు తెలియదు. ఎక్కడున్నా రాయి సానపడుతూనే ఉంటాడు, చేతికి పట్టుబడ్డ పని అది. ఇది అచ్చయి ఎప్పుడైనా అతని కంట పడుతుందేమో. నాయనా, చక్రం మీద నీళ్ళు పెట్టు. మంచినీళ్ళు లేకపోతే ఉప్పునీళ్ళు పెట్టు. అవీ లేకపోతే మానెయ్యి.